ఒకే సంస్థ – ఒకే యూనిట్

గొడవంతా ఇంగ్లీషులో మూడంటే మూడక్షరాలున్న ఒక పేరు దగ్గర మొదలైంది. ఆ పేరు మ్యాక్స్.

హైదరాబాదు పొలిమేరలో, రింగు రోడ్డు దిగగానే ఎడమచేతివైపు కనిపించే ఒక ప్రభుత్వ చిప్పుల సంస్థలో శేషుకుమారి పద్నాలుగేళ్ళుగా ఇంజనీరు. తెనాలి మనిషి. మాట నెమ్మది, పని గట్టి. ఆ ఏడాది ఆమె చేతిలో ఉన్నది, వినికిడి లోపమున్న పిల్లల చెవిలో పెట్టే యంత్రానికి కావలసిన చిప్పు. చిటికెనవేలి గోరులో సగం ఉంటుంది. దాని డిజైనుని డిసెంబరు ఇరవై లోపల ఫ్యాక్టరీకి పంపాలి. ఆ తారీకు దాటితే ఫ్యాక్టరీవాళ్ళు మళ్ళీ తొమ్మిది నెలలకి గానీ తీసుకోరు. నాలుగేళ్ళ పిల్లకి తొమ్మిది నెలలు చెవులు వినపడకపోతే ఎన్ని మాటలు రాకుండా పోతాయో బధిర పాఠశాల టీచరు సుగుణగారు ఆమెని ఒకసారి కూర్చోబెట్టి చెప్పారు. అప్పట్నుంచీ శేషుకుమారి బల్లమీది క్యాలెండరులో ఆ తారీకు చుట్టూ ఎర్ర సున్నా ఉంది.

చిప్పుని ఈ రోజుల్లో ఎవరూ బొమ్మగా గియ్యరు, ఒక భాషలో రాస్తారు. చిప్పులో ఉండే ఒక్కో ముక్కనీ మాడ్యూల్ అంటారు. మాడ్యూల్ ఒక ఇల్లులాంటిది. ఇంట్లో పెట్టుకున్న పేరు ఇంట్లోనే చెల్లుతుంది. నాలుగిళ్ళలో నలుగురు బుజ్జిగాళ్ళుంటే ఎవరికి ఇబ్బంది? కానీ కొన్ని పేర్లు గోడల బయట, ఫైలు ఆరుబయట కూడా రాయొచ్చు. అలా రాసినవి, ఒకే ఆదేశంతో కలిపి కంపైల్ చేసిన, అంటే తప్పొప్పులు చూడమని యంత్రం చేత చదివించిన, ఫైళ్ళన్నిటికీ కనపడతాయి. ఆ గుంపుని యూనిట్ అంటారు. ఫైళ్ళని విడివిడిగా కంపైల్ చేస్తే ఏ ఫైలు యూనిట్ దానిదే, ఏ పేరు గోల దానిదే.

సెప్టెంబరులో ఢిల్లీ నుంచి కార్యదర్శిగారు వచ్చారు. డైరెక్టరు డాక్టర్ విఠలేశ్వర్‌గారికి ఆయన ముందు ఏదైనా ఘనంగా చూపించాలనిపించింది. అన్ని ప్రాజెక్టుల ఫైళ్ళూ ఒకే ఆదేశంతో, పెద్ద తెరమీద, ఒక్కసారే కంపైల్ చెయ్యమన్నారు. చేశారు. నరహరిగారి నీటి పంపుల చిప్పులో ఆరుబయట ఒక మ్యాక్స్ ఉంది, మోటారు వేగానికి హద్దు. శేషుకుమారి చిప్పులో ఆరుబయట ఇంకో మ్యాక్స్ ఉంది, చెవిలోకి వెళ్ళే శబ్దానికి హద్దు. రెండూ ఒకే యూనిట్లో పడేసరికి తెరమీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. ఈ పేరు ఇంతకుముందే ఉంది, అని.

కార్యదర్శిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఒకే సంస్థలో ఒకే పేరు ఇద్దరు పెట్టుకుంటారా? మీకు పర్యవేక్షణ అనేది లేదా?" అన్నారు.

ఆయన ఆ మాటని కారెక్కేలోపే మర్చిపోయారు. విఠలేశ్వర్‌గారు మర్చిపోలేదు. మర్నాడు పొద్దున్నే సర్క్యులరు వచ్చింది.

"సంస్థ యావత్తులో ఏ పేరైననూ ఒకే పర్యాయము, ఒకే అర్థములో, ఒకే వ్యక్తిచే వాడబడవలెను. ఇందు నిమిత్తము నామ నమోదు విభాగము ఏర్పాటు చేయబడినది. నమోదు కాని పేరు పేరుగా పరిగణింపబడదు."

పేర్లు నమోదు చెయ్యాలంటే నమోదు తెలిసినవాడు కావాలన్నారు డైరెక్టరుగారు. రిజిస్ట్రేషన్ల శాఖలో ముప్ఫై ఏళ్ళు సబ్ రిజిస్ట్రారుగా పనిచేసిన పరాంకుశంగారిని డిప్యుటేషను మీద తెచ్చి కూర్చోబెట్టారు. మనిషి పొట్టి, నుదుటిమీద సన్నటి తిరుచూర్ణం, చేతిలో ఊదారంగు స్టాంపు ప్యాడు. కంప్యూటర్ల గురించి ఆయనకేమీ తెలీదు. ఆ సంగతి దాచుకోలేదు కూడా. కానీ దస్తావేజు చూస్తే ఏ లైనులో మోసముందో వాసనపట్టి చెప్పగలడు.

శేషుకుమారి మొదటి దరఖాస్తు "క్లాక్" అనే పేరు కోసం.

"ఇది ఏమిటమ్మా?" అన్నారు పరాంకుశంగారు.

"చిప్పుకి గుండెకాయలాంటిదండీ. టిక్కుటిక్కున కొట్టుకుంటూ ఉంటుంది. ప్రతి చిప్పులోనూ ఉంటుంది."

"ప్రతిదాంట్లోనూ ఉంటే ప్రతిదానికీ వేరే పేరుండాలి కద తల్లీ. ఈ పేరు కరెంటు మీటర్ల బృందానికి మొన్ననే నమోదైపోయింది. వాళ్ళు సీనియర్లు."

"పోనీ క్లాక్ రెండు అని పెట్టుకుంటాను."

ఆయన తల అడ్డంగా ఊపి నిబంధన చదివారు. "పోలికగల పేరు. సామాన్యులు భ్రమపడు ప్రమాదము కలదు." తర్వాత మామూలు గొంతుతో, "ఇంకేదైనా మంచి పేరు చూసుకోండి. చతుస్సీమలు మాత్రం తప్పకుండా రాయాలి, తూర్పున ఏముంది, పడమట ఏముంది అని" అన్నారు.

శేషుకుమారి తూర్పున కూడికలు చేసే ముక్క, పడమట లెక్కలు జ్ఞాపకం పెట్టుకునే ముక్క, ఉత్తర దక్షిణాల్లో ఏమీ లేవు అని రాసింది. ఏమీ లేవు అంటే ప్రభుత్వ భూమి కిందికి వస్తుందని ఆయన పెన్నుతో చేర్చారు.

ఒక్కో పేరూ నోటీసు బోర్డు మీద పదిహేను రోజులుండాలి. అభ్యంతరాలు రాకపోతే స్టాంపు పడుతుంది. ఆమె చిప్పులో పేర్లు తొమ్మిది వందలు. అందులో ఒంటి అక్షరం పేర్లు, అంటే లెక్కపెట్టేటప్పుడు అందరూ వాడే ఐ, జె లాంటివి, డైరెక్టరుగారి విచక్షణ కోటాలోకి వెళ్ళిపోయాయి. ఐ కోసం ఇద్దరు సైంటిస్టులు సిఫార్సు ఉత్తరాలు తెచ్చుకున్నారు.

మ్యాక్స్ ఎవరికివ్వాలన్న దానిమీద విచారణ జరిగింది. నరహరిగారికి సర్వీసు ఆరేళ్ళు ఎక్కువ. ఆయనకే ఇచ్చారు.

శేషుకుమారి బృందంలో ఇంకా ఇద్దరున్నారు, జెరూషా, ఇంతియాజ్. ముగ్గురూ ఆ సాయంత్రం క్యాంటీనులో తలలు పట్టుకు కూర్చున్నారు.

"తొమ్మిది వందల కొత్త పేర్లు ఎక్కణ్ణుంచి తెస్తాం మేడమ్?" అన్నాడు ఇంతియాజ్. "మా ఇంట్లో చెల్లెలికి పాప పుడితే ఒక్క పేరు కుదరడానికే నలభై రోజులు పట్టింది."

శేషుకుమారి టీ తాగుతూ ఆలోచించింది. ఆమె తండ్రి రైల్వేలో గార్డు. చిన్నప్పుడు నిద్రపట్టకపోతే ఆయన స్టేషన్ల పేర్లు వరసగా చెప్పేవాడు. "రాసుకో ఇంతియాజ్" అంది. "తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల, చీరాల, వేటపాలెం, ఒంగోలు, సింగరాయకొండ, కావలి, బిట్రగుంట..."

అలా క్లాక్ తెనాలి అయింది. శబ్దానికి హద్దు బిట్రగుంట అయింది. వారం తిరిగేసరికి ఆ ముగ్గురూ అదే భాషలో మాట్లాడుకోవడం మొదలెట్టారు.

"తెనాలి పైకి లేచినప్పుడు కావలి ఎందుకు పడిపోతోంది?"

"ఒంగోలు ఇంకా రాలేదు మేడమ్. సింగరాయకొండలో ఆగిపోయింది."

పక్క గదిలోవాళ్ళు వీళ్ళు రాజీనామా చేసి ట్రావెల్ ఏజెన్సీ పెడుతున్నారనుకున్నారు.

బాపట్ల మీద అభ్యంతరం వచ్చింది. చిప్పులో ఏదైనా తేడా జరిగితే వెలిగే సంకేతానికి ఆ పేరు పెట్టారు వీళ్ళు. అకౌంట్సులో ఒకాయన, తన సొంతూరి పేరు తప్పుకి ఆనవాలుగా వాడటం తన మనసును గాయపరిచిందని నాలుగు పేజీలు రాశాడు. పరాంకుశంగారు ఇరుపక్షాలనీ పిలిచి కూర్చోబెట్టి రాజీ చేశారు. బాపట్లని "సిద్ధం" అనే సంకేతానికి మార్చారు. అకౌంట్సాయన సంతోషించి స్వీట్లు పంచాడు.

అక్టోబరులో నిబంధన మనుషుల దాకా వచ్చింది. ప్రతి ఫైలు నెత్తిన రాసినవాడి పేరుంటుంది కాబట్టి అదీ పేరేనన్నారు డైరెక్టరుగారు. సంస్థలో రమణయ్యలిద్దరు. ఒకాయన డ్రైవరు, ఒకాయన ఇంజనీరు. డ్రైవరుది పాత సర్వీసు. పేరు ఆయనకే దక్కింది. ఇంజనీరు రమణయ్య గుర్తింపు కార్డులో పేరుండాల్సిన చోట "పరిశీలనలో ఉన్నది" అని అచ్చువేశారు. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు ఆయన్ని రోజూ "రండి పరిశీలన గారూ" అని ఎంతో మర్యాదగా పిలిచేవాళ్ళు.

ఇదంతా శేషుకుమారి నవ్వుకుంటూనే భరించింది. నవ్వు ఆగిపోయింది రెండో సర్క్యులరుతో.

పేర్లు నిజంగా వేరువేరుగా ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది అని డైరెక్టరుగారికి అనుమానం వచ్చింది. అందరి ఫైళ్ళూ కలిపి కంపైల్ చేస్తే తెలుస్తుంది. "ఒకే సంస్థ – ఒకే యూనిట్" అని హాల్లో బ్యానరు కట్టారు. రోజూ ఉదయం పది గంటలకి, నాలుగువేల రెండువందల పదహారు ఫైళ్ళు, ఒకే ఆదేశం. విడిగా కంపైల్ చెయ్యడం నిషిద్ధం, అది వేర్పాటు ధోరణి. సాయంత్రం నాలుగింటికి ఫలితం వస్తుంది. అంతా శుభ్రంగా ఉంటే శుద్ధిపత్రం ఇస్తారు. శుద్ధిపత్రం లేకుండా ఏ చిప్పూ గేటు దాటదు.

ఎవరో ఒకరు ఒక చుక్క మరిచిపోతే సంస్థ మొత్తానికీ ఆ రోజు పోయినట్టే. నవంబరంతా అలాగే పోయింది. ఒకరోజు పంపులవాళ్ళు, ఒకరోజు మీటర్లవాళ్ళు. డిసెంబరు పదిన మొట్టమొదటిసారి ఒక్క తప్పూ లేకుండా వచ్చింది. బ్యానరు కింద అందరికీ సమోసాలు పెట్టారు. శేషుకుమారి శుద్ధిపత్రం తెచ్చుకుని కళ్ళకద్దుకున్నంత పని చేసింది. ఇంక పది రోజులుంది.

పిల్లల చెవిలో పెట్టేదాన్ని ముందు తన చెవిలో పెట్టుకుని చూడటం ఆమెకి అలవాటు. ఎవరూ చెప్పిన నియమం కాదది. మర్నాడు ఆ డిజైనుని నమూనా బోర్డులోకి ఎక్కించి, ఎడమ చెవికి తగిలించుకుంది. జెరూషా మెల్లగా మాట్లాడింది. చక్కగా వినపడింది. కాగితం చింపింది. వినపడింది. ఆఖర్న ఎప్పటిలాగే స్టీలు గ్లాసు తీసి నేలమీద జారవిడిచింది. పెద్ద శబ్దం వస్తే చిప్పు దాన్ని హద్దు దగ్గర ఆపెయ్యాలి.

ఆపలేదు.

శేషుకుమారి కుర్చీలోంచి పక్కకి పడిపోయింది. చెవిలోది పీకి పారేసి, అరచేత్తో చెవి మూసుకుని అలాగే నేలమీద కూర్చుంది. జెరూషా పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది.

"ఇది పిల్లకి పెట్టుంటే?" అంది శేషుకుమారి. తను అరుస్తున్నానని ఆమెకి తెలీలేదు.

మధ్యాహ్నానికి ఇంతియాజ్ కారణం పట్టుకున్నాడు. పేర్లు మార్చినప్పుడు మ్యాక్స్ ఉన్నచోటల్లా బిట్రగుంట అని మార్చారు. శబ్దాన్ని ఆపే చోట మాత్రం మార్చడం మరిచిపోయారు. విడిగా కంపైల్ చేసి ఉంటే, ఈ మ్యాక్స్ ఎవరో నాకు తెలీదని యంత్రం అప్పుడే చెప్పేది. కానీ ఒకే యూనిట్ కదా. అది చుట్టూ చూసింది, ఆరుబయట నరహరిగారి మ్యాక్స్ కనపడింది, అదే కాబోలనుకుని తెచ్చి పెట్టుకుంది. పిల్లల చెవికి హద్దు రెండువందల పది. నరహరిగారి మోటారుకి హద్దు వెయ్యిన్ని ఇరవైమూడు. పొలాలకి నీళ్ళు తోడే పంపు ఎంత గట్టిగా తిరగొచ్చో, అంత గట్టిగా పిల్ల చెవిలో మోగొచ్చని ఒప్పందం అయిపోయింది. తప్పు లేదని శుద్ధిపత్రం కూడా వచ్చింది.

ఆమె ఆ శుద్ధిపత్రం పట్టుకుని తిన్నగా పరాంకుశంగారి గదికి వెళ్ళింది. ఎడమ చెవి ఇంకా గుయ్యిమంటోంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఈసారి ఫారాల గురించి గానీ, పేర్ల గురించి గానీ మాట్లాడలేదు. గ్లాసు, చెవి, నాలుగేళ్ళ పిల్ల, అంతే.

పరాంకుశంగారు శుద్ధిపత్రం మీది తన సంతకం చూసుకున్నారు. స్టాంపు ప్యాడు మూత వేశారు.

"అంటే మీ హద్దు రాయి లేకపోతే, యంత్రం పక్కవాడి హద్దు రాయి తెచ్చి మీ పొలంలో పాతిందన్నమాట. నేను దానిమీద సంతకం పెట్టాను."

"మీ తప్పు కాదండీ."

"సంతకం నాదే కదమ్మా." ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. "ఒక్కటి చెప్పండి. మా శాఖలో సర్వే నంబరు నూట పన్నెండు అంటే ప్రతి ఊళ్ళోనూ ఒకటుంటుంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ ఎవరికీ పేచీ రాలేదు. ఎందుకంటే ముందు ఊరి పేరు చూస్తాం. మీ భాషలో ఈ ఊరు అనేది లేదా?"

శేషుకుమారి ఆయనవైపు కళ్ళార్పకుండా చూసింది. మూడు నెలలుగా ఆమె పదిమంది సైంటిస్టులకి చెప్పలేకపోయిన మాట అది.

"ఉందండీ" అంది. "ఉంది. ఊరు లేకుండా భాషే లేదు. మాడ్యూల్ ఒక ఊరు. ఫైలుని విడిగా కంపైల్ చేస్తే అదొక ఊరు. పక్క ఊరి నుంచి ఏదైనా కావాలంటే, ఫలానా చోటు నుంచి తెచ్చుకుంటున్నానని పైన రాసి మరీ తెచ్చుకోవాలి."

"మరి నన్నెందుకు పిలిచారు?" అన్నారాయన, నిజంగా ఆశ్చర్యపోయి.

డైరెక్టరుగారి దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. విఠలేశ్వర్‌గారు విన్నారు. చెవి సంగతి విన్నప్పుడు ఆయన మొహం మారింది. మనసు మంచిదే. కానీ మనసుకీ సర్క్యులరుకీ మధ్య ఎనిమిది అంచెలున్నాయి.

"మీ బాధ సంస్థ దృష్టికి వచ్చింది. అయితే జారీ అయిన ఉత్తర్వును ఉపసంహరించే ఆనవాయితీ ఇక్కడ లేదు. ఢిల్లీకి నివేదిక కూడా వెళ్ళింది. ఒకే సంస్థ, ఒకే యూనిట్ అని. ఇప్పుడు కాదంటే మన పరిస్థితి ఏమిటి?"

"ఇరవయ్యో తారీకు దాటితే పిల్లల పరిస్థితి ఏమిటి సార్?" అంది శేషుకుమారి. చెవి వల్ల గొంతు మళ్ళీ పెద్దదైంది. గుమ్మం బయట టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఆ గదిలో ఆమె అంత గట్టిగా మాట్లాడటం పద్నాలుగేళ్ళలో అదే మొదలు. ఈసారి తెలిసే తగ్గించుకోలేదు.

డైరెక్టరుగారు పేపరువెయిటు తిప్పుతూ ఉండిపోయారు.

పరాంకుశంగారు దగ్గారు. "ఉపసంహరణ అక్కర్లేదండీ. స్పష్టీకరణ చాలు. ఉత్తర్వులో ఏముంది? సంస్థ యావత్తులో ఏ పేరైనా ఒకేసారి ఉండాలని. ఒకే సంస్థకి ఒకే యూనిట్ అని. రెండూ అలాగే ఉంచుదాం, అక్షరం కదపొద్దు. కింద ఒక్క వాక్యం చేర్చండి. 'నామముల నిమిత్తము సంస్థ అనగా ఒక ఫైలు అని గ్రహించవలెను.'"

గదిలో కాసేపు ఏసీ చప్పుడు మాత్రమే వినపడింది. కుడి చెవికి.

"అంటే ప్రతి ఫైలూ ఒక సంస్థ" అన్నారు డైరెక్టరుగారు మెల్లగా.

"చట్టం దృష్టిలో."

"మన దగ్గర ఫైళ్ళెన్ని?"

"నాలుగువేల రెండువందల పదహారు సార్" అంది శేషుకుమారి.

విఠలేశ్వర్‌గారు కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నారు. సెప్టెంబరులో ఒక్క సంస్థకి డైరెక్టరుగా ఉన్న మనిషి. పెన్ను మూత తీశారు.

మర్నాడే ఫైళ్ళని విడివిడిగా కంపైల్ చేశారు. శేషుకుమారి ఫైళ్ళలో, జెరూషా అప్పటికే దిద్దింది కాక, ఊరు తప్పిపోయిన మ్యాక్స్‌లు ఇంకో రెండు బయటపడ్డాయి. ఒకటి బ్యాటరీ దగ్గర. రెండూ సరిచేశారు. ఆమె మళ్ళీ చెవికి తగిలించుకుంది, ఈసారి కుడిదానికి. జెరూషా గ్లాసు పట్టుకుని నిలబడింది గానీ వదలడానికి చెయ్యి రాలేదు. "వదులమ్మా" అంది శేషుకుమారి కళ్ళు మూసుకుని. గ్లాసు పడింది. పక్కింట్లో గ్లాసు పడినట్టు వినపడింది. పంతొమ్మిదో తారీకు మధ్యాహ్నం చిప్పు ఫ్యాక్టరీకి వెళ్ళింది.

చిప్పులు ఏప్రిల్లో తిరిగొచ్చాయి. పాఠశాలలో మొదటి పరీక్షకి రోజు కుదిరిన వారానికే ఢిల్లీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. విఠలేశ్వర్‌గారి వార్షిక నివేదికలో, ఒకే ఏడాదిలో సంస్థల సంఖ్య ఒకటి నుంచి నాలుగువేల రెండువందల పదహారుకి పెరిగినట్టు చదివి, వాళ్ళెంతో సంతోషించారు. ప్రతి సంస్థనుంచీ ఒక ప్రతినిధి జాతీయ సదస్సుకి రావలెనన్నారు. శేషుకుమారి ఫైళ్ళు అరవై ఒకటి. ఆమె పేరిట అరవై ఒక్క ఆహ్వానాలు వచ్చాయి. సదస్సూ, పరీక్షా ఒకే రోజు.

ఆమె సెలవుచీటీ రాసింది. "నా అధీనములోని అరవై ఒక్క సంస్థలును ఆ దినమున పిల్లల పని మీద బయటకు వెళ్ళుచున్నవి." డైరెక్టరుగారు మంజూరు చేశారు, అరవై ఒక్కసార్లు సంతకం పెట్టి.

పాఠశాల గదిలో సుగుణ టీచరుగారు, పిల్ల తల్లీ, జెరూషా, ఇంతియాజ్, పరాంకుశంగారు ఉన్నారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు, వచ్చేశారు. పిల్ల పేరు మొయినా, నాలుగేళ్ళు. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. శేషుకుమారి యంత్రాన్ని పిల్ల చెవికి తగిలించి, మీట నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొయినా ముందు ఏమీ చెయ్యలేదు. తర్వాత మెడ తిప్పి అటూ ఇటూ చూసింది. తల్లి పిలిచింది, కానీ పిల్ల తల్లివైపు చూడలేదు. తలెత్తి పైకి చూసింది. అక్కడ పాత సీలింగు ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది. పుట్టినప్పట్నుంచీ ప్రతి వేసవిలోనూ చూసిన వస్తువే, ఇంత గోల చేస్తుందని మాత్రం ఎవరూ ఆమెకి చెప్పలేదు. మొహం చిట్లించి, దానివైపు వేలు చూపించి, కట్టెయ్యమని టీచరుకి సైగ చేసింది.

ఇంతియాజ్ ఒక్క గంతులో వెళ్ళి స్విచ్చి ఆపాడు. ఫ్యాను నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది. మొయినా తలాడించింది, ఇప్పుడు బాగుంది అన్నట్టు. అప్పుడు తల్లి మళ్ళీ పిలిచింది.

పిల్ల తిరిగి చూసింది.

ఆ తర్వాత గంటసేపు ఆ గదిలో అందరూ చెమటలు కక్కుతూ కూర్చున్నారు. పరాంకుశంగారి తిరుచూర్ణం కారి ముక్కు మీదికొచ్చింది. ఫ్యాను వెయ్యమని ఒక్కరూ అనలేదు.